సైకాలజీ చదివి ఇంటెలిజెన్స్‌లోకి వెళ్ళాలంటే: ఐబీనా, సివిల్సా, ఆర్మీనా, ఫోరెన్సిక్కా?

మా పిన్ని కూతురు ఆంధ్రా యూనివర్సిటీ (ఏయూ)లో ఎమ్మెస్సీ సైకాలజీ చదువుతోంది. మొన్న సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు అందరూ భోంచేసి పడుకున్నాక మెల్లగా నా పక్కన కూర్చుని "అన్నయ్యా, రా లో చేరాలంటే ఎక్కడ అప్లై చెయ్యాలి" అంది. రా అంటే బయటి దేశాల సమాచారం చూసే మన గూఢచారి సంస్థ. నేను నవ్వలేదు. నేనూ అదే డిపార్ట్‌మెంట్‌లో చదివినోడినే, అదే ప్రశ్న వైజాగ్ ద్వారకానగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో అడిగితే "రా కి స్పెషల్ బ్యాచ్ నడుస్తోంది" అని 18 వేలు కట్టించుకుని మూడు నెలలు రైళ్ళూ దూరాలూ, పైపులూ ట్యాంకులూ లెక్కలు చెప్పారు. మనలాంటి డిగ్రీవాళ్ళు నేరుగా రాసే రా పరీక్షంటూ ఒకటి లేదని నాకు తెలిసేసరికి రెండో ఇన్‌స్టాల్‌మెంట్ కూడా కట్టేశాను.

అందుకే ఇది రాస్తున్నా. నేను ఇంటెలిజెన్స్ బ్యూరో (ఐబీ) ఇంటర్వ్యూ దాకా వెళ్ళి ఆగిపోయినోడిని, ఇప్పుడు స్కూల్ కౌన్సిలర్‌గా చేస్తున్నా, కాబట్టి లోపల ఏం జరుగుతుందో నేను చెప్పలేను, చెప్పగలిగినవాళ్ళు ఎలాగూ చెప్పరు. గుమ్మం వరకు దారి మాత్రం బాగా తెలుసు.

ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది

మన దేశంలో "సైకాలజీ చదివారు కదా, రండి గూఢచారి ఉద్యోగం ఇస్తాం" అనే నోటిఫికేషన్ లేదు. ఉన్నవి రెండు రకాలు. ఒకటి ఇంటెలిజెన్స్ ఉద్యోగం, దీనికి ఏ డిగ్రీ అయినా ఒకటే, మీ సైకాలజీ అక్కడ మీ జేబులో ఉండే పనిముట్టు, దాన్ని ఎవరూ అడగరు, మీకు మీరే తీసి వాడుకోవాలి. రెండోది పోలీసు, రక్షణ వ్యవస్థల్లో సైకాలజిస్టు ఉద్యోగం, ఇక్కడ ఎమ్మెస్సీ లేకపోతే గేటు కూడా దాటలేరు, కానీ ఇది గూఢచర్యం కాదు, ల్యాబ్ పని, టెస్టుల పని. చాలామంది ఈ రెండిటినీ కలిపి ఒకే ఉద్యోగం అనుకుని దానికోసం వెతుకుతుంటారు, నేనూ రెండేళ్ళు అలాగే వెతికాను.

కాబట్టి ఏ దారైనా నాలుగు విషయాల మీద పెట్టి చూడండి. మీ వయసు ఎంత, గేటు ఎప్పుడు మూసుకుంటుంది. నోటిఫికేషన్ ఎన్నాళ్ళకోసారి వస్తుంది. చదివిన సైకాలజీ రోజూ చేతికొస్తుందా, లేక సర్టిఫికెట్ల ఫైల్లోనే ఉండిపోతుందా. నాలుగోది అందరూ ఆఖర్న ఆలోచిస్తారు గానీ నన్నడిగితే అదే మొదటిది: మీరు చేసే పని గురించి ఇంట్లో నోరు మెదపకుండా ముప్ఫై ఏళ్ళు బతకగలరా. జీతం సంగతి ఇందులో కలపలేదు, ఎందుకంటే ఇవన్నీ ప్రభుత్వ జీతాలే, తేడాలున్నా ఎవరూ దానికోసం ఇటు రారు.

| దారి | ఎలా వెళ్ళాలి | వయసు గీత (జనరల్) | సైకాలజీ వాడకం | గుట్టు |
|---|---|---|---|---|
| ఐబీ ఏసీఐవో (ఐబీ ఆఫీసర్ పోస్టు) | హోం శాఖ పరీక్ష, ఇంటర్వ్యూ | 27 | పరోక్షంగా | చాలా ఎక్కువ |
| సివిల్స్, ఐపీఎస్ | యూపీఎస్సీ | 32, 6 ప్రయత్నాలు | ఆప్షనల్‌గా | పోస్టింగ్‌ని బట్టి |
| ఆర్మీ ఆఫీసర్ | సీడీఎస్ రాత పరీక్ష, ఎస్సెస్బీ ఇంటర్వ్యూ | 24, 25 దగ్గర | పరోక్షంగా | పోస్టింగ్‌ని బట్టి |
| ఫోరెన్సిక్ సైకాలజీ | ఎమ్మెస్సీ, విడి పోస్టులు | పోస్టుని బట్టి | రోజూ | కేసు వరకే |
| డీఆర్‌డీవో (రక్షణ పరిశోధన సంస్థ) సైంటిస్ట్ | పీజీ, సైంటిస్ట్ బి ఎంపిక | ప్రకటనని బట్టి | రోజూ | మధ్యస్తం |
| రాష్ట్ర పోలీస్ ఎస్సై | రాష్ట్ర పోలీసు బోర్డు | 27 దగ్గర | పరోక్షంగా | ఇంటెలిజెన్స్ వింగ్‌కి వెళ్తే ఎక్కువ |

ఐబీ ఏసీఐవో: సూటిగా ఉన్న ఒకే ఒక్క దారి

ఇంటెలిజెన్స్ బ్యూరో 1887 నుంచీ ఉన్న సంస్థ, కేంద్ర హోం శాఖ కింద పనిచేస్తుంది, దేశం లోపలి సమాచారం చూస్తుంది. అసిస్టెంట్ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్ గ్రేడ్ టూ ఎగ్జిక్యూటివ్ అనే పోస్టుకి ఏ డిగ్రీ ఉన్నా రాయొచ్చు. టైర్ వన్ 100 ప్రశ్నలు, గంట టైం, కరెంట్ అఫైర్స్, జనరల్ స్టడీస్, లెక్కలు, రీజనింగ్, ఇంగ్లీషు తలా 20, తప్పు రాస్తే పావు మార్కు పోతుంది. టైర్ టూ 50 మార్కుల రాత పరీక్ష, వ్యాసం అదీ. ఆ తర్వాత 100 మార్కుల ఇంటర్వ్యూ. పే లెవెల్ 7, బేసిక్ 44,900, దానిమీద 20 శాతం స్పెషల్ సెక్యూరిటీ అలవెన్స్.

ఇక్కడ అసలు శత్రువు సిలబస్ కాదు, క్యాలెండర్. 2020 డిసెంబర్‌లో 2000 పోస్టులు వచ్చాయి, మళ్ళీ 2023లో 995, మళ్ళీ 2025లో 3717. మధ్యలో ఏళ్ళకేళ్ళు ఏమీ లేదు. వయసు చూస్తే 27 వరకే, ఓబీసీకి 3 ఏళ్ళు, ఎస్సీ ఎస్టీలకి 5 ఏళ్ళు సడలింపు. అంటే 22కి డిగ్రీ అయినోడికి జీవితంలో రెండు ఛాన్సులు, మహా అయితే మూడు. "ఎమ్మెస్సీ అయ్యాక చూద్దాం, తర్వాత లెక్చరర్ల నెట్ పరీక్ష రాసి చూద్దాం" అనుకుంటూ కూర్చుంటే ఒక రోజు నోటిఫికేషన్ వస్తుంది, ఆ రోజుకి మీకు 27 దాటి నాలుగు నెలలై ఉంటుంది. మా బ్యాచ్‌లో బాగా చదివే అమ్మాయికి అచ్చం ఇలాగే జరిగింది.

సైకాలజీవాళ్ళకి ఇంకో తమాషా ఉంది. ఇంటర్వ్యూలో భాగంగా సైకోమెట్రిక్ టెస్టు కూడా పెట్టొచ్చని నోటిఫికేషన్‌లోనే రాస్తారు. మనం ఎన్నేళ్ళుగానో జనాల మీద పెట్టిన టెస్టు మన మీద పెడతారన్నమాట. నన్ను బోర్డులో ఒకాయన "సైకాలజీ అంటున్నావు, మా నలుగురిలో ఎవరి మూడ్ బాలేదో చెప్పు" అన్నారు. నేను గొప్పకి పోయి ఒకాయన్ని చూపించి కారణాలు కూడా చెప్పాను, చేతులు కట్టుకున్నారు, పెన్ను తిప్పుతున్నారు అని. ఆయన ఏమీ అనలేదు. ఏసీ చల్లదనానికి చేతులు కట్టుకున్నారేమో అని ట్రైన్ అనకాపల్లి దాటాక తోచింది. ఇప్పుడైతే "ఈ కాస్త చూసి చెప్పడం కష్టం సార్" అంటాను. ఒక మనిషిని ఐదు నిమిషాలు చూసి తేల్చేసేవాడు ఇంటెలిజెన్స్‌కి పనికిరాడని నాకు తర్వాత అర్థమైన విషయం, పైగా ఇది మనకి సైకాలజీలో ఫస్ట్ సెమిస్టర్‌లోనే చెప్తారు, ఒకసారి ఒక అభిప్రాయం పడితే దానికి సరిపోయేవే కంట్లో పడతాయని.

పోస్టింగ్ దేశంలో ఎక్కడైనా వెయ్యొచ్చు. వైజాగ్‌లోనే ఉంటాను, సాయంత్రం ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటాను అంటే కుదరదు. ఇంకోటి, 1985లో ఇంటెలిజెన్స్ సంస్థల ఉద్యోగుల హక్కుల మీద ఒక చట్టం వచ్చింది, యూనియన్లు పెట్టకూడదు, పత్రికలతో మాట్లాడకూడదు. ఐబీ, రా రెండూ సమాచార హక్కు చట్టం రెండో షెడ్యూల్లో ఉన్నాయి, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలు తప్ప మిగతాది అడగడానికి లేదు. పెళ్ళి సంబంధాలప్పుడు "అబ్బాయి ఏటి చేస్తున్నాడండీ" అంటే "హోం శాఖలో అండీ" అని ఊరుకోవాలి, అవతలివాళ్ళు "హోంగార్డా?" అనుకుంటే అనుకోనివ్వాలి. నవ్వుకోవడానికి బాగుంది గానీ, రోజంతా విన్నది రాత్రి ఎవరికీ చెప్పుకోలేకపోవడం అనేది మాట్లాడటమే వృత్తిగా చదువుకున్న మనకి మామూలు కష్టం కాదు.

ఐబీలోనే పదో తరగతి మీద సెక్యూరిటీ అసిస్టెంట్ పోస్టులుంటాయి, లెవెల్ 3, స్థానిక భాష రావాలి. డిగ్రీ ఉన్నవాళ్ళు అదొక్కటే నమ్ముకోవడం నాకు నచ్చదు, ఇల్లు గడవడం ముఖ్యమైతే తప్ప. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) డిగ్రీవాళ్ళకి పెట్టే సీజీఎల్ పరీక్షలో ఐబీ అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్ పోస్టు వస్తుంది, అది ఆఫీసు టేబుల్ పని. కానీ సీజీఎల్‌కి చదివింది ఏసీఐవో టైర్ వన్‌కి దాదాపు సరిపోతుంది, ఆ లెక్కన రెండూ రాయండి.

రా గురించి ఒక్క మాట

1968లో ఐబీ నుంచి విడదీసి పెట్టారు, బయటి దేశాల సమాచారం చూస్తుంది, క్యాబినెట్ సెక్రటేరియట్ కింద ఉంటుంది. లోపలికి వెళ్ళే పెద్ద దారి సివిల్ సర్వీసుల నుంచి, పోలీసు, సైన్యం లాంటి చోట్ల నుంచి డెప్యుటేషన్ మీద. క్యాబినెట్ సెక్రటేరియట్ పేరుతో గేట్ అనే పీజీ ప్రవేశ పరీక్ష స్కోరు మీద డెప్యూటీ ఫీల్డ్ ఆఫీసర్ టెక్నికల్ పోస్టులు పడతాయి, అవి ఇంజనీరింగ్, ఫిజిక్స్, మ్యాథ్స్ లాంటి సబ్జెక్టులవాళ్ళకి, సైకాలజీ లేదు. వాట్సాప్‌లో "రా ఏజెంట్ రిక్రూట్‌మెంట్, ఫీజు 950" అని ఏదైనా వస్తే డిలీట్ చేసేయండి.

సివిల్స్: పెద్ద జూదం, కానీ సైకాలజీకి సీటు ఉంది

యూపీఎస్సీలో సైకాలజీ ఆప్షనల్ ఉంది, రెండు పేపర్లు కలిపి 500 మార్కులు. రెండో పేపర్ సిలబస్‌లో మిలిటరీ సైకాలజీ ఉంటుంది, టెర్రరిజం సైకాలజీ కూడా ఉంటుంది. ఐపీఎస్ వస్తే హైదరాబాద్ నేషనల్ పోలీస్ అకాడమీలో ట్రైనింగ్, తర్వాత రాష్ట్ర ఇంటెలిజెన్స్‌కో, డెప్యుటేషన్ మీద ఐబీకో, రా కో వెళ్ళే వీలుంటుంది. పై స్థాయిలో కూర్చుని నిర్ణయాలు చేసేది ఎక్కువగా ఇలా వచ్చినవాళ్ళే.

అయితే ఇంటెలిజెన్స్ కోసమే సివిల్స్ రాయడం అంటే మామిడిపండు కోసం తోట కొనడం లాంటిది. ర్యాంకు ఎటు తోస్తే అటు పోవాలి, ఐఆర్ఎస్ (ట్యాక్స్ శాఖ) రావచ్చు, రైల్వే రావచ్చు, అది వచ్చినా హ్యాపీగా చేస్తాను అనుకునేవాళ్ళే దిగండి. ఇంట్లో మూడు నాలుగేళ్ళు ఆగే ఓపిక, ఆర్థిక బలం ఉన్నాయా లేదా అన్నది కూడా నిజాయితీగా చూసుకోండి. కోచింగ్‌కి ఢిల్లీయే వెళ్ళాలని లేదు, ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని చదివేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు.

ఆర్మీ దారి: సైకాలజీ తెలియడమే చిక్కు

వైజాగ్‌లో పుట్టినోడికి నేవీ అంటే చిన్నప్పట్నుంచీ కళ్ళముందు ఉండేదే, తూర్పు నౌకాదళం హెడ్‌క్వార్టర్సు ఇక్కడే, బీచ్ రోడ్డులో కురుసురా సబ్‌మెరైన్ ఎక్కి దిగని పిల్లాడు ఉండడు. 1971 యుద్ధంలో మన విమానవాహక నౌక విక్రాంత్ ఇక్కడే ఉందని శత్రువు నమ్మేలా దొంగ సిగ్నల్స్ పంపి, ఆ క్యారియర్‌ని దూరంగా అండమాన్ వైపు దాచారు, దాన్ని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన తీరంలోనే మునిగింది. మనుషులు దేన్ని నమ్మాలనుకుంటారో తెలిసినవాళ్ళు ఆడిన ఆట అది. కానీ సీడీఎస్‌లో నేవల్ అకాడమీకి ఇంజనీరింగ్ డిగ్రీ అడుగుతారు. బీఏ సైకాలజీవాళ్ళకి చాలావరకు ఆర్మీయే మిగులుతుంది, ఐఎమ్ఏ లేదా చెన్నై ఓటీఏ అనే ట్రైనింగ్ అకాడమీలు, అమ్మాయిలకి ఓటీఏ. 60 శాతం ఉంటే ఎయిర్‌ఫోర్స్ గ్రౌండ్ డ్యూటీకి ఏఎఫ్‌క్యాట్ పరీక్ష ఒకటుంది. ఆఫీసర్ అయ్యాక ఇంటెలిజెన్స్ కోర్ రావడం మీ చేతుల్లో ఉండదు.

ఎస్సెస్బీ ఐదు రోజులు. అందులో సైకాలజీ టెస్టుల రోజు మనవాళ్ళు బోల్తా పడేది. వర్డ్ అసోసియేషన్‌లో 60 మాటలు, ఒక్కోదానికి 15 సెకన్లు, స్క్రీన్ మీద మాట కనిపించగానే తోచిన వాక్యం రాసెయ్యాలి. నా రూమ్మేట్ క్లాసులో టీఏటీ (బొమ్మ చూసి కథ చెప్పే టెస్టు), డబ్ల్యూఏటీ (ఈ మాటల టెస్టే) అన్నీ చదివినోడు, "నాకు తెలీని టెస్టా" అని ప్రతి మాటకీ మంచి వాక్యాలు ముందే బట్టీపట్టి వెళ్ళాడు. "ఓటమి" అంటే "ఓటమి గెలుపుకి మెట్టు", "భయం" అంటే "భయాన్ని ధైర్యంతో గెలవాలి". ఇరవై మాటలు బాగా నడిచింది, ఆ తర్వాత బట్టీ అయిపోయింది, పెన్ను ఆగింది, నాలుగు ఖాళీలు వదిలాడు, అక్కణ్ణుంచి రాతే మారిపోయిందట. ఆ పేపర్ దిద్దే సైకాలజిస్టు మామూలుగా మనిషిని ఎదురుగా చూడడు, ఆ కాగితాలే చూస్తాడు, ఆ కాగితం మీద ఇద్దరు మనుషులు కనిపించుంటారు. వాడే చెప్తాడు, కామర్స్ చదివిన పక్క సీటు కుర్రాడు ఏమీ తెలీకుండా రాసి సెలెక్ట్ అయ్యాడని.

ఫోరెన్సిక్ సైకాలజీ: చదివింది రోజూ వాడాలనుకుంటే

మొదట్లో చెప్పిన రెండు రకాల్లో ఇది రెండోది, రెండో పడవ అనుకోండి. కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబులు, రాష్ట్ర ల్యాబుల్లో పాలీగ్రాఫ్ (లై డిటెక్టర్), బ్రెయిన్ మ్యాపింగ్ లాంటివి చేసే విభాగాలుంటాయి, మనకి దగ్గరలో కేంద్ర ల్యాబ్ హైదరాబాద్ రామంతాపూర్‌లో ఉంది. చదువుకి గాంధీనగర్ నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో ఫోరెన్సిక్ సైకాలజీ ఎమ్మెస్సీ ఉంది.

పాలీగ్రాఫ్ అంటే సినిమాలో చూపించినట్టు ఉండదు. ఒక వర్క్‌షాప్‌లో నన్నే కుర్చీలో కూర్చోబెట్టారు. ఛాతీకి ఒక రబ్బరు గొట్టం, పొట్ట దగ్గర ఇంకోటి, చేతికి బీపీ పట్టీ, రెండు వేళ్ళకి చిన్న రేకులు. ఒకటి నుంచి పది లోపు ఒక అంకె కాగితం మీద రాసుకుని, ఏది అడిగినా "కాదు" అనమన్నారు. అడగబోయే ప్రశ్నలన్నీ ముందే చదివి వినిపించారు, నాకు అదే వింతగా అనిపించింది, ముందే చెప్తే ఇంకేం పట్టుకుంటారు అని. నేను రాసుకున్న ఏడు దగ్గరికి వస్తోందని తెలియడం వల్లే ఊపిరి బిగబట్టుకుపోయింది, ఆరు దగ్గరే గీత మారడం మొదలైందని తర్వాత గ్రాఫ్ చూపించారు. యంత్రానికి అబద్ధం తెలీదు, కంగారే తెలుసు. ఆ కంగారు దేనివల్లో చెప్పాల్సింది కుర్చీ పక్కన కూర్చున్న సైకాలజిస్టు.

ఇంకో సంగతి, 2010లో సెల్వి వర్సెస్ కర్ణాటక కేసులో సుప్రీంకోర్టు ఇష్టం లేకుండా నార్కో (మందిచ్చి మాట్లాడించే టెస్టు), పాలీగ్రాఫ్, బ్రెయిన్ మ్యాపింగ్ చెయ్యకూడదని తేల్చేసింది. అప్పుడు చాలామంది ఈ ఫీల్డు అయిపోయిందన్నారు. అవ్వలేదు, సమ్మతి తీసుకుని చేస్తున్నారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే కొత్త నేర విచారణ చట్టంలో 7 ఏళ్ళు, ఆ పైన శిక్ష పడే నేరాలకి ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్ళాలని పెట్టారు, కాబట్టి మొత్తంగా ఫోరెన్సిక్‌కి పని పెరిగేదే. ఇబ్బంది ఎక్కడంటే సైకాలజీ పోస్టులు ఒకటీ రెండుగా పడతాయి. ఎదురుచూసే రోజుల్లో తినడానికి ఇంకో పని ఉండాలి.

డీఆర్‌డీవో కూడా ఇదే కోవ. ఢిల్లీ తిమార్‌పూర్‌లో సైకాలజీ పరిశోధన సంస్థ డీఐపీఆర్ ఉంది, ఎస్సెస్బీలో వాడే టెస్టుల వెనక పని వాళ్ళదే. సైంటిస్ట్ బి, లెవెల్ 10, ఫస్ట్ క్లాస్ పీజీ ఉండాలి. గేట్ హ్యుమానిటీస్ పేపర్లో 2021 నుంచి సైకాలజీ పెట్టారు, ఎమ్మెస్సీ ఫైనలియర్‌లో అది రాసి పెట్టుకోండి, పోయేదేం లేదు. స్టాటిస్టిక్స్ అంటే పారిపోయేవాళ్ళు మాత్రం ఇటు రావద్దు.

మన రాష్ట్రంలోనే

2019 డిసెంబర్‌లో డాల్ఫిన్స్ నోస్ అని పేరు పెట్టి ఒక ఆపరేషన్ జరిగింది, గుర్తుందా. ఏడుగురు నేవీ సిబ్బందినీ, ఒక హవాలా ఆపరేటర్నీ పట్టుకున్నారు, సోషల్ మీడియాలో ఆడపిల్లల పేర్లతో వల వేసి సమాచారం లాగారని కేసు, తర్వాత జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ తీసుకుంది. దాన్ని మొదట బయటపెట్టింది ఆంధ్రప్రదేశ్ పోలీసు కౌంటర్ ఇంటెలిజెన్సు, కేంద్ర ఇంటెలిజెన్స్, నేవీ ఇంటెలిజెన్స్‌తో కలిసి. నాకు అందులో సైకాలజీయే కనిపిస్తుంది, ఇంటికి దూరంగా ఉన్న కుర్రాడికి రాత్రిపూట ఒక హాయ్ ఎంత పని చేస్తుందో పుస్తకం చదవనివాడికి కూడా తెలుసు, శత్రువుకి ఇంకా బాగా తెలుసు.

రాష్ట్ర ఇంటెలిజెన్స్‌లోకి ఎస్సైగా చేరో, గ్రూప్ వన్ డీఎస్పీగా చేరో పోలీసు నుంచే వెళ్తారు. ఎత్తు, పరుగు అన్నీ చూస్తారు. తెలుగు నేల వదిలి వెళ్ళలేనివాళ్ళకి ఇదే మంచిది, కాకపోతే ముందు కొన్నేళ్ళు స్టేషన్‌లో బందోబస్తులూ పంచాయితీలూ చెయ్యాలి. నిజానికి మనుషుల్ని చదవడం అక్కడ నేర్చుకున్నంత ఎమ్మెస్సీలో నేర్చుకోం.

మరి మీరు ఎటు?

డిగ్రీ ఫైనలియర్, 21 ఏళ్ళు, పరిగెత్తగలరు అంటే సీడీఎస్ ఇప్పుడే రాయండి, దాని గేటే ముందు మూసుకుంటుంది, ఏసీఐవో ఇంకా కొన్నేళ్ళు తెరిచే ఉంటుంది. ఎమ్మెస్సీలో ఉండి 23, 24 అయితే చదువు ఆపకుండా ఏసీఐవో, సీజీఎల్ ఒకే ప్రిపరేషన్ మీద లాగండి. 26 అయితే మిగతావన్నీ పక్కన పెట్టి వచ్చే ఏసీఐవో ఒక్కటే చూడండి, ఓబీసీవాళ్ళు సెంట్రల్ ఫార్మాట్ సర్టిఫికెట్‌కి సచివాలయంలో ముందే అప్లై చేసుకోండి, రాష్ట్ర ఫార్మాట్‌ది అక్కడ చెల్లదు. 28 దాటి జనరల్ అయితే నేను సూటిగా చెప్తా, ఐబీ మర్చిపోయి ఫోరెన్సిక్, డీఆర్‌డీవో, సివిల్స్ మధ్య తేల్చుకోండి, లేదా రిహాబిలిటేషన్ కౌన్సిల్ (ఆర్సీఐ) రిజిస్ట్రేషన్ వచ్చే క్లినికల్ కోర్సు చేసి హాయిగా పేషెంట్లని చూసుకోండి, చినవాల్తేరు మానసిక ఆస్పత్రి ముందు లైను చూస్తే ఆ పని ఎంత అవసరమో తెలుస్తుంది.

అదే పనిగా కబుర్లు చెప్పేవాళ్ళు, చేసిన పనికి మెచ్చుకోలు కావాలనుకునేవాళ్ళు (నేను ఈ బాపతే) రెండో పడవ ఎక్కండి. కోర్టులో నిలబడి మీ పేరుతో రిపోర్టు చెప్పొచ్చు.

మా చెల్లి రెండు వారాలు ఆలోచించి ఏసీఐవోకి చదవడం మొదలుపెట్టింది, గేట్ పుస్తకం కూడా కొంది. రోజూ ఆరింటికి లేచి లెక్కలు చేస్తోంది. పిన్ని ఫోన్ చేసి "బ్యాంక్ పరీక్షకి బాగా చదువుతోందిరా పిల్ల" అంది. నేను "అవును పిన్నీ" అన్నాను.